గర్భిణి గుండె, బాలింత ఆయాసం



ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మేడమ్ ప్రసూతి వైద్యురాలు, నేను గుండె వైద్యుణ్ణి. మా రెండు వార్డుల మధ్య ఉన్న వరండా దాటి వచ్చిన రోగులను మేమిద్దరం కలిసి చూసేవాళ్లం. దీనికి నన్ను పిలవడానికి అదే కారణమనుకుంటాను. పాలు పడుతున్నాయా, కుట్లు నొప్పి పెడుతున్నాయా, జ్వరం ఉందా అని రౌండ్స్‌లో బాలింతలను అందరం అడుగుతాం. మేడమ్ వాటితోపాటు, "రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకున్నావమ్మా?" అని కూడా అడిగేవారు. ఒకటి అంటే పక్క మంచం దగ్గరికి వెళ్లేవారు. మూడు అన్నా, పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చున్నానన్నా, స్టూలు లాక్కుని అక్కడే కూర్చునేవారు. మెడ నరం చూసి, ఊపిరి లెక్కపెట్టి, నాకు కబురు పంపేవారు. ఆ ప్రశ్న వెనక ఎంత వైద్యం ఉందో చెప్పడానికే ఈ సాయంత్రం మీ ముందు నిలబడ్డాను.

గుండెజబ్బు అనగానే మనవాళ్లకు రక్తనాళాలు పూడుకుపోవడం, స్టెంటు, బైపాస్ గుర్తొస్తాయి. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి కవాటాలు పాడైన కేసులు ఇంకో రకం. మన దేశంలో గర్భిణుల్లో కనిపించే గుండెజబ్బుల్లో ఇప్పటికీ వాటిదే పెద్ద వాటా. నేను మాట్లాడబోయేది మూడో రకం గురించి. ఇందులో నాళాలు బాగానే ఉంటాయి, కవాటాలూ బాగానే ఉంటాయి. కండరమే బలహీనపడి, సాగి, రక్తాన్ని నెట్టలేకపోతుంది. దీన్నే కార్డియోమయోపతి అంటాం. కొందరికి ఇది గర్భం రాకముందే ఉంటుంది. మరికొందరికి అప్పటిదాకా ఏ లోపమూ లేని గుండె నెలలు నిండుతున్నప్పుడో, కాన్పైన కొన్ని నెలల్లోపో ఉన్నట్టుండి డీలాపడిపోతుంది. దానికి పెరిపార్టమ్ కార్డియోమయోపతి అని పేరు. వార్డు భాషలో పీపీసీఎం.

ఒక కేసు చెబుతాను. ఆమెను గుర్తుపట్టే వివరాలేవీ చెప్పను. తొలి కాన్పు, పుట్టింట్లో ఉంది, బిడ్డ బాగున్నాడు. రెండో వారంలో రాత్రిపూట దగ్గు మొదలైంది. పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే తక్కువ. ఊళ్లో దగ్గుమందు ఇచ్చారు, తర్వాత యాంటీబయోటిక్ ఇచ్చారు. పాదాలకు నీరు వస్తే బాలింతకు మామూలేనన్నారు. నిద్ర లేక, తిండి సయించక నీరసించిపోతే బలం వస్తుందని రెండు సెలైన్ బాటిళ్లు ఎక్కించారు. ఆ రాత్రే నోటివెంట గులాబీ రంగు నురగ వచ్చింది.

మా దగ్గరికి తెచ్చేసరికి స్ట్రెచర్ మీద రెండు చేతులూ మోకాళ్ల మీద ఊని, ముందుకు వంగి కూర్చుని ఉంది. ఎకో, అంటే గుండె స్కాన్, తీయడానికి పడుకోమంటే టెక్నీషియన్ మణికట్టు గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపింది. మాట రావడం లేదు. కూర్చోబెట్టే ప్రోబు పెట్టాం. తెర మీద ఎడమ జఠరిక ఉబ్బి గుండ్రంగా ఉంది. గోడలు దగ్గరికి రావాల్సిన చోట కొద్దిగా వణికి ఆగిపోతున్నాయి. నిండిన గదిలోంచి ప్రతి దెబ్బకూ 55 నుంచి 70 శాతం రక్తం బయటికి పోవాలి. దాన్నే ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటాం. ఆమెది 20 శాతం దగ్గర ఉంది. ఆక్సిజన్ పెట్టి, ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ చేసి, బీపీ ఎక్కువగా ఉండడంతో నైట్రోగ్లిజరిన్ డ్రిప్ మొదలుపెట్టాం. తెల్లవారేసరికి యూరిన్ బ్యాగు నిండింది. ఊపిరి నెమ్మదించాక ఆమె మొదట అడిగింది బిడ్డకు పాలివ్వొచ్చా అని. ఆ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఈ జబ్బుకు స్పష్టమైన నిర్వచనం వచ్చింది 1971లో. షికాగోలో డెమాకిస్, రహీంతూలా అనే వైద్యులు తాము చూసిన 27 మంది తల్లుల వివరాలు ప్రచురించారు. గర్భం చివరి నెల నుంచి కాన్పు తర్వాత 5 నెలలలోపు, వేరే కారణమేదీ లేకుండా గుండె నీరసిస్తే ఈ జబ్బు అనుకోవాలన్నారు. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 45 శాతానికి తగ్గడమన్న కొలత ఎకో వచ్చాక చేరింది. 5 నెలలన్న మాటను దయచేసి గుర్తుపెట్టుకోండి. మన ప్రభుత్వ కార్యక్రమాల్లో తల్లిని చూడడం 42వ రోజుతో ముగిసిపోతుంది.

అమెరికాలో ఈ జబ్బు వెయ్యి నుంచి నాలుగు వేల కాన్పులకు ఒకరికి కనిపిస్తుంది. హైతీలో సుమారు 300 కాన్పులకు ఒకరు. నైజీరియా ఉత్తర భాగంలోని జారియా ప్రాంతంలోనైతే ఒకప్పుడు వంద కాన్పులకు ఒకరు. జారియా గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ కథ వింటే మన పురిటి గది కళ్లముందుకు వస్తుంది. అక్కడి హౌసా కుటుంబాల్లో కాన్పైన తల్లి 40 రోజులు కింద నిప్పు వేసి వేడి చేసిన మట్టి అరుగు మీద పడుకుంటుంది. రోజుకు రెండుసార్లు బాగా కాగిన నీళ్లతో స్నానం. కన్వా అనే చెరువు ఉప్పు కలిపిన గంజి. 1970లలో అక్కడి అహ్మదు బెల్లో విశ్వవిద్యాలయ వైద్యులు ఈ వేడికీ ఉప్పుకీ, తల్లుల గుండె నీరసించడానికీ సంబంధం ఉందని గమనించారు. తర్వాతి పరిశోధనల్లో ఆ ఆచారాల మీదే తప్పంతా మోపలేమని తేలింది. అయినా నీరసించిన గుండెకు ఉప్పు భారమన్న మాట మాత్రం తిరుగులేనిది.

మన పురిటి గదిలోనూ కుంపటి ఉంటుంది, సాంబ్రాణి పొగ ఉంటుంది, కాయం, వెల్లుల్లి కారం, మరిగే నీళ్ల స్నానం ఉంటాయి. వీటి వల్ల గుండె కండరం పాడవుతుందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. అమ్మమ్మల పథ్యాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కూడా కాదు. బాలింతకు విశ్రాంతినిచ్చి, ఆమెకోసం ప్రత్యేకంగా వండిపెట్టే ఆచారాన్ని నేను గౌరవిస్తాను. నా భయం ఇంకోటి. పాదాలు ఉబ్బితే చలవ చేసిందంటాం, దగ్గితే పడిశమంటాం, గుండె దడ అంటే రక్తం తక్కువంటాం, రాత్రంతా కూర్చుంటే బిడ్డ నిద్రపోనివ్వడం లేదంటాం. బాలింతకు రాగల ప్రతి లక్షణానికీ ఇంట్లో ముందే ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. పీపీసీఎం లక్షణాలన్నీ ఆ కారణాల చాటున దాక్కోగలవు. తెలంగాణ పల్లెల్లో "దమ్మొస్తుంది" అంటారు, కోస్తాలో "ఎగపోత" అంటారు. ఏ మాటతో చెప్పినా, పచ్చి బాలింత నోట ఆ మాట వస్తే దాన్ని గుండె లక్షణంగానే తీసుకుని, కాదని తేలాకే వదలాలి.

రక్తహీనత సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన రెండు రాష్ట్రాల్లో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. కాబట్టి ఆయాసంతో వచ్చిన ఆమె హిమోగ్లోబిన్ తక్కువ కనిపించగానే కారణం దొరికిపోయిందనుకుంటాం. రెండూ కలిసి ఉండొచ్చన్న ఆలోచన రాదు. నీరసించిన గుండె ఉన్న మనిషికి రక్తం గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. సెలైన్ అయితే చెప్పనక్కర్లేదు. ఓల్టేజీ లేని మోటారు మీద ఇంకో రెండెకరాల తడి పెట్టమన్నట్టే అది. నీరసమనే మాట విని డ్రిప్ పెట్టే ముందు ఛాతీ వెనక స్టెతస్కోపు పెట్టి వినడానికి ఒక్క నిమిషం చాలు.

గుండె ఎందుకిలా నీరసిస్తుంది? పూర్తి జవాబు ఇంకా రాలేదు కానీ గత ఇరవై ఏళ్లలో చాలా తెలిసింది. 2007లో జర్మనీలోని హానోవర్‌లో హిల్ఫికర్-క్లైనర్ బృందం ఎలుకల మీద చేసిన పరిశోధనలో, పాలు పడడానికి కావలసిన ప్రొలాక్టిన్ హార్మోన్ కొన్ని పరిస్థితుల్లో ముక్కలై, అందులో ఒక ముక్క గుండెలోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుందని తేలింది. బిడ్డకు పాలు పడేలా చేసే హార్మోనే తల్లి గుండెకు హాని చేయగలదన్న మాట. 2012లో అమెరికాలో జోల్టాన్ అరానీ బృందం ఇంకో దారి చూపింది. మాయ నుంచి వచ్చే కొన్ని పదార్థాలు రక్తనాళాల ఎదుగుదలను అడ్డుకుంటాయి. బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోయే ప్రీఎక్లాంప్సియాలో ఇవి ఇంకా ఎక్కువ. ప్రీఎక్లాంప్సియా, కవలలు, ఎక్కువ వయసు ఉన్న తల్లుల్లో పీపీసీఎం ఎందుకు ఎక్కువో దీంతో కొంత అర్థమైంది. ముదిరితే గుర్రపువాతమని మన ఊళ్లలో భయపడే జబ్బు ఈ ప్రీఎక్లాంప్సియానే. 2016లో 172 మంది తల్లుల జన్యువులు పరిశీలిస్తే 15 శాతం మందిలో గుండె కండరపు ప్రొటీన్ల జన్యువుల్లో లోపాలు కనిపించాయి. వీటిలో టైటిన్ అనే ప్రొటీన్ లోపాలే ఎక్కువ. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండె పెద్దదై పోయారా అని ప్రతి రోగినీ అడగాల్సిన అవసరం ఇక్కడే ఉంది.

జన్యువుల మాట వచ్చింది కాబట్టి మన హైదరాబాద్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఇక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త తంగరాజ్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో ఎంవైబీపీసీ3 అనే గుండె కండర జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఊడిపోయిన రకం దక్షిణాసియా ప్రజల్లో సుమారు 4 శాతం మందిలో ఉందని తేలింది. అది ఉన్న అందరికీ జబ్బు రాదు. చాలామంది ఏ బాధా లేకుండా బతికేస్తారు. కానీ గుండె కండర జబ్బు మనకు అరుదు, పరాయి దేశాల గొడవ అనుకోవడానికి మాత్రం వీల్లేదు.

ఇక గర్భం గుండె మీద మోపే పని ఎంతో చూద్దాం. రక్తంలోని ద్రవభాగం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. నిమిషానికి గుండె పంపే రక్తం 30 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఏడో నెల, ఎనిమిదో నెల వచ్చేసరికి ఈ భారం దాదాపు శిఖరానికి చేరుతుంది. నొప్పుల్లో గర్భసంచి ముడుచుకున్న ప్రతిసారీ 300 నుంచి 500 మిల్లీలీటర్ల రక్తం గుండె వైపు నెట్టుకొస్తుంది. బిడ్డ బయటపడగానే పెద్ద సిరల మీద ఒత్తిడి తగ్గి, ఒక్కసారిగా ఇంకా ఎక్కువ రక్తం వచ్చిపడుతుంది. కాళ్లలో చేరిన నీరు తర్వాతి రోజుల్లో తిరిగి రక్తంలోకి వస్తుంది. అందుకే మా కంటికి అసలు ప్రమాదం కాన్పు తర్వాతి మొదటి మూడు రోజుల్లో ఉంటుంది. ఇంట్లో వాళ్లు మిఠాయి పంచుతుంటే మేం ఐసీయూలో మేల్కొని ఉండేది అందుకే.

ముందే జబ్బు ఉందని తెలిసిన స్త్రీ విషయంలో వైద్యం గర్భానికి ముందే మొదలవ్వాలి. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 30 శాతం కన్నా తక్కువ ఉన్నా, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తున్నా, గతంలో పీపీసీఎం వచ్చి గుండె పూర్తిగా కోలుకోకపోయినా, ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఆధారంగా వచ్చిన 2018 యూరప్ మార్గదర్శకాలు గర్భం వద్దన్నాయి. 30 నుంచి 45 మధ్య ఉంటే ప్రమాదం ఎక్కువ. పెద్ద ఆసుపత్రిలో, రెండు విభాగాల పర్యవేక్షణలో మాత్రమే సాగాలి. కండరం సాగిపోకుండా దళసరి అయ్యే హైపర్‌ట్రోఫిక్ రకంలో చాలామంది బాగానే కంటారు. వాళ్లకు ఒంట్లో నీరు తగ్గినా, బీపీ పడిపోయినా ప్రమాదం కాబట్టి జాగ్రత్తల వరస వేరు.

గర్భం వద్దన్న మాట ఓపీలో చెప్పడం కష్టం. పెళ్లయిన రెండో ఏడాది నుంచే "విశేషమేమైనా ఉందా" అని అడిగే సమాజం మనది. జబ్బు సంగతి అత్తింట్లో తెలియకూడదని మందుల చీటీ దాచుకునే అమ్మాయిలను చూశాను. పిల్లలు వద్దని డాక్టరు చెబితే కాపురమే పోతుందేమోనని భయపడే తల్లిదండ్రులనూ చూశాను. వాళ్లను మందలించి లాభం లేదు. భర్తను, ఇద్దరి తల్లులను కూర్చోబెట్టి, ఎకో తెర చూపించి, అంకెలతో చెప్పాలి. దత్తత గురించి, సరొగసీ గురించి అప్పుడే మాట్లాడాలి. గర్భం వచ్చాక తెలిసి, కొనసాగిస్తే ప్రాణానికి ముప్పని తేలితే చట్టం అడ్డురాదు. 1971 నాటి ఎంటీపీ చట్టాన్ని, అంటే గర్భస్రావ చట్టాన్ని, 2021లో సవరించాక 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. తల్లి ప్రాణం నిలపడానికి తక్షణం అవసరమైతే వారాల పరిమితే లేదు. మేజరైన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు, భర్త సంతకం చట్టం అడగలేదు. ఆ సంతకం కోసం విలువైన రోజులు పోగొట్టుకుని వచ్చిన కేసులున్నాయి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మందుల విషయంలో ఇంట్లో చేసే పొరపాట్లు రెండు. గర్భం అని తెలియగానే బిడ్డకు మంచిది కాదని అన్ని మందులూ ఆపేస్తారు, లేదా ఏమీ మార్చకుండా పాత చీటీ ప్రకారమే వాడతారు. రెండూ ప్రమాదమే. ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ కుటుంబం మందులు, సాక్యుబిట్రిల్-వల్సార్టాన్, కడుపులోని బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి కాబట్టి ఆపాలి. స్పైరోనోలాక్టోన్, కొత్తగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ లాంటివీ గర్భంలో వద్దు. వాటి స్థానంలో హైడ్రలజీన్, నైట్రేట్లు వాడతాం. మెటోప్రొలాల్ కొనసాగించవచ్చు, అటెనలాల్ వద్దు. ఊపిరితిత్తుల్లో నీరు ఉంటే ఫ్యూరోసెమైడ్ ఇవ్వాల్సిందే. గుండె బాగా నీరసంగా ఉన్నప్పుడు లోపల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. గర్భమే రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. అందుకని హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తాం. మాయను దాటదు కాబట్టి బిడ్డకు ఇబ్బంది లేదు.

కాన్పు ఎలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. గుండెజబ్బు అంటే సిజేరియన్ తప్పదన్న నమ్మకం మన డాక్టర్లలో కూడా ఉంది. తల్లి పరిస్థితి నిలకడగా ఉంటే మామూలు కాన్పే మేలు. రక్తం తక్కువ పోతుంది, ఇన్ఫెక్షన్ భయం తక్కువ. నొప్పి తెలియకుండా ఎపిడ్యూరల్ ఇచ్చి, పక్కకు ఒత్తిగిల్లి పడుకోబెట్టి, చివరి ఘట్టంలో ఆమెను గట్టిగా ముక్కనివ్వకుండా వాక్యూమ్‌తోనో ఫోర్సెప్స్‌తోనో బిడ్డను తీస్తారు. మందులకు లొంగకుండా గుండె కుంగిపోతుంటే మాత్రం ఎన్నో నెల అన్నది చూడకుండా బిడ్డను బయటికి తీయాలి. వీలుంటే ముందుగా బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వాలి.

లేబర్ రూములో మేడమ్ పెట్టిన ఒక అలవాటు ఇక్కడ చెప్పాలి. గుండెజబ్బు కేసు టేబుల్ మీదికి రాగానే సిస్టర్ ట్రేలోంచి మెథర్జిన్ ఆంప్యూల్స్ తీసి బయట పెట్టేవారు. కేస్‌షీట్ మీద తెల్ల ప్లాస్టర్ అంటించి ఎర్ర సిరాతో "మెథర్జిన్ వద్దు" అని రాసేవారు. రక్తస్రావం ఆగడానికి అలవాటుగా ఇచ్చే ఆ ఇంజెక్షన్ నాళాలను బిగించి బీపీని ఒక్కసారిగా ఎగదోస్తుంది. నీరసించిన గుండె దాన్ని తట్టుకోలేదు. ఆక్సిటోసిన్ కూడా ఒక్క దెబ్బన కాకుండా నెమ్మదిగా డ్రిప్‌లోనే ఇవ్వాలి. చేయి అలవాటు కొద్దీ ట్రే వైపు పోతుందని, ట్రేలోనే లేకుండా చేశారు ఆవిడ. ఈ ఒక్క పనికి ఖర్చేమీ లేదు, ఏ ఆసుపత్రైనా రేపటి నుంచే చేయొచ్చు.

ఇప్పుడు పాల ప్రశ్న. ప్రొలాక్టిన్ మీద పరిశోధనల నుంచి, పాలను ఆపే బ్రోమోక్రిప్టిన్ మందు గుండెకు మేలు చేయొచ్చన్న ఆలోచన పుట్టింది. దక్షిణాఫ్రికాలో కరెన్ స్లీవా బృందం 2010లో 20 మంది తల్లుల మీద చేసిన చిన్న ప్రయోగంలో ఆ మందు వాడినవాళ్ల గుండె మెరుగ్గా కోలుకుంది. 2017లో జర్మనీలో 63 మందితో జరిగిన ప్రయోగంలో వారం రోజుల వాడకాన్ని ఎనిమిది వారాల వాడకంతో పోల్చారు. అందులో మందు తీసుకోని జట్టు లేదు కాబట్టి చర్చ ముగియలేదు. ఆ మందుతో రక్తం గడ్డకట్టే భయం ఉంది. హెపారిన్ తోడు లేకుండా ఇవ్వకూడదు. నా మటుకు నేను, ఎజెక్షన్ ఫ్రాక్షన్ బాగా పడిపోయి ఐసీయూలో ఉన్న తల్లికి హెపారిన్‌తో కలిపి వాడతాను. నిలకడగా ఉన్న తల్లి చేత పాలు మాన్పించను. శుభ్రమైన నీళ్లు, డబ్బాపాల ఖర్చు భరించలేని ఇంట్లో తల్లిపాలు ఆగితే బిడ్డ ప్రాణానికి ముప్పు. కాన్పయ్యాక ఎనలాప్రిల్ వాడుతూ కూడా పాలివ్వొచ్చు. పాలు ఆపక తప్పనిచోట తల్లిపాల బ్యాంకు ఆసరా అవుతుంది. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో అలాంటిది ఉంది. ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఉండాలి.

కోలుకుంటారా అంటే, చాలామంది కోలుకుంటారు. 2015లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో 100 మందిలో 72 శాతం మందికి ఏడాది తిరిగేసరికి ఎజెక్షన్ ఫ్రాక్షన్ 50 దాటింది. 49 దేశాల నుంచి 739 మందిని నమోదు చేసిన రిజిస్ట్రీ ఫలితాలు 2020లో వచ్చాయి. ఆరు నెలల్లో 46 శాతం మంది గుండె కోలుకుంది, 6 శాతం తల్లులు చనిపోయారు, 5 శాతం పసిపిల్లలు చనిపోయారు. మొదటి ఎకోలో 30 శాతం కన్నా తక్కువ ఉన్నవాళ్లకు కోలుకునే అవకాశం తగ్గుతుంది. ఎకో ఎంత ఆలస్యమైతే ఆ అంకె అంత కిందికి జారే ప్రమాదముంది. గుండె మామూలుకొచ్చినా మందులు కనీసం ఏడాది పాటు సాగాలి. "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని ఆపేసి మళ్లీ స్ట్రెచర్ మీద వచ్చినవాళ్లున్నారు.

మొదట చెప్పిన ఆ అమ్మాయి ఎజెక్షన్ ఫ్రాక్షన్ ఏడాదిలో 50 శాతం దాటింది. ఆ తర్వాత అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చి, రెండో బిడ్డ గురించి అడిగింది. నేను వాళ్లకు 2001లో లాస్ ఏంజెలెస్ వైద్యుడు ఎల్కయామ్ ప్రచురించిన లెక్కలు చెప్పాను. పీపీసీఎం వచ్చాక మళ్లీ గర్భం దాల్చిన 44 మందిలో, గుండె కోలుకున్న 28 మందిలో ఎవరూ చనిపోలేదు, 21 శాతం మందికి గుండె నీరసం మళ్లీ తలెత్తింది. కోలుకోని 16 మందిలో 44 శాతానికి జబ్బు ముదిరింది, 19 శాతం మంది చనిపోయారు. పూర్తిగా కోలుకున్నా ప్రమాదం సున్నా కాదని చెప్పాను. అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఉన్న ఒక్కడికీ తల్లి ఉండాలి కదండీ" అన్నారు. భర్త వేసెక్టమీ చేయించుకున్నాడు. ఆ ఇంటివాళ్ల పట్ల నాకు ఎంతో గౌరవం కలిగింది. అంత సుఖంగా తేలని ఇళ్లు కూడా ఉంటాయి. అక్కడ కాపర్-టీ ఉంది, ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్న సాధనాలున్నాయి. ఈస్ట్రోజన్ కలిసిన మాత్రలు ఈ తల్లులకు ఇవ్వకూడదు.

2018-20 సర్వే లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు తెలంగాణలో 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది తల్లులు చనిపోయారు. దేశ సగటు 97. ఆసుపత్రి కాన్పులు, 108, 102 వాహనాలు, ఆశా కార్యకర్తల కాలి నడక కలిసి సాధించిన ఫలితమిది. రక్తస్రావం, గుర్రపువాతం, పురిటి జ్వరం తగ్గే కొద్దీ మిగిలే మరణాల్లో గుండెజబ్బు వాటా పెరుగుతుంది. బ్రిటన్‌లో తల్లుల మరణాలకు ప్రధాన కారణాల్లో గుండెజబ్బు ముందు వరసలో ఉంది. కాలిఫోర్నియాలో 2002-06 మధ్య గర్భ సంబంధ మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే నాలుగో వంతు గుండెజబ్బువే, వాటిలోనూ కండరం జబ్బుదే పైచేయి. కేరళలో ప్రసూతి వైద్యులు 2004 నుంచి ప్రతి తల్లి మరణాన్నీ, పేర్లు గోప్యంగా ఉంచి, ఎవరినీ దండించకుండా సమీక్షించుకుంటున్నారు. అలాంటి సమీక్ష మనకూ కావాలి. చనిపోయిన తల్లి కేస్‌షీట్‌లో ఆయాసమన్న మాట మొదటిసారి ఎక్కడ వచ్చింది, ఎకో ఎప్పుడు తీశారు, ఆ రెంటి మధ్య ఎన్ని రోజులు పోయాయి అన్నది ఎవరో ఒకరు చదవాలి.

ఇక నా విన్నపాలు. జిల్లా ఆసుపత్రుల సూపరింటెండెంట్లను కోరేది ఇది: గర్భిణి గానీ, కాన్పై 5 నెలలు దాటని తల్లి గానీ ఆయాసంతో వస్తే, కూర్చుని ఉన్నప్పుడు నాడి 110 గానీ ఊపిరి 24 గానీ అంతకు పైగా ఉన్నా, ఆక్సిజన్ 96 గానీ అంతకు తక్కువ గానీ ఉన్నా, ఆ రోజే ఈసీజీ, ఎకో తీయించండి. కార్డియాలజిస్టు లేకపోతే ఫోన్‌లో పెద్ద ఆసుపత్రి డాక్టర్లకు చూపించండి. పంపాల్సి వస్తే కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, సెలైన్ తీసేసి పంపండి. డిశ్చార్జి చీటీలో కుట్ల జాగ్రత్తల కింద తెలుగులో, "పడుకుంటే ఊపిరాడకపోతే వెంటనే రండి" అని ఒక్క వాక్యం అచ్చువేయించండి. ఆశా అక్కలారా, మీరు 3వ రోజు నుంచి 42వ రోజు దాకా ఆరుసార్లు ఆ ఇంటికి వెళ్తారు. బిడ్డను తూచాక తల్లిని కూడా దిండ్ల సంగతి అడగండి. 42 తర్వాత తల్లిని చూడడానికి వెళ్తే మీకు గౌరవ వేతనం రాదని నాకు తెలుసు. మూడో నెలలో, ఐదో నెలలో ఇంకో రెండు సందర్శనలకు డబ్బు కేటాయించమని ఇక్కడున్న అధికారులను అడుగుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్లారా, బాలింత రాత్రి పడుకోలేక కూర్చుంటోందంటే తెల్లారేదాకా ఆగొద్దు. అప్పుడే 108కి ఫోన్ చేయండి.